వారానికో పత్రిక, తరగతికి ఆరు ప్రతులు: ‘ఫస్ట్ న్యూస్’తో రెండేళ్ళు

బ్రిటన్‌లో ఏడు నుంచి పద్నాలుగేళ్ళ వయసు పిల్లల కోసం ప్రతి శుక్రవారం వెలువడే ‘ఫస్ట్ న్యూస్’ వార్తాపత్రికను నేను పనిచేసే ప్రాథమిక పాఠశాలలో రెండేళ్ళుగా తెప్పిస్తున్నాం. నేను పాఠం చెప్పేది ఇయర్ 5కు, అంటే మన లెక్కలో నాలుగో తరగతికి. పిల్లలు 29 మంది, పత్రిక ప్రతులు ఆరు. శనివారాలు మా ఊళ్ళో తెలుగు పిల్లల కోసం నడిచే చిన్న తరగతికి కూడా వాటినే సంచీలో వేసుకుని వెళ్తుంటాను. ఇక్కడ స్థిరపడిన తెలుగు తల్లిదండ్రులు “ఇంటికి తెప్పించమంటారా?” అనీ, అక్కడ తెలుగునాట బడుల్లో పనిచేసే స్నేహితులు “అలాంటిది మన దగ్గర ఉంటే పాఠానికి పనికొస్తుందా?” అనీ అడుగుతూనే ఉన్నారు కాబట్టి, ఇద్దరికీ కలిపి ఒకసారి వివరంగా రాయాలనిపించింది.

ముందు పత్రిక సంగతి. ఇది 2006 మే నెలలో మొదలైంది. తొలినాళ్ళ నుంచి సంపాదకత్వం వహించినవారు నిక్కీ కాక్స్. టాబ్లాయిడ్ పరిమాణంలో ఉంటుంది. మొదటి పేజీలో పెద్ద శీర్షిక, లోపల దేశ వార్తలు, ప్రపంచ వార్తలు, జంతువులు, విజ్ఞానం, వినోదం, ఒక ప్రత్యేక కథనం, పజిళ్ళు, ఆటలు ఉంటాయి. అంటే పెద్దల దినపత్రికలో ఉండే వరుసే. పిల్లలకు పత్రిక అనే ఆలోచన ఈ దేశంలో కొత్తది కాదు. ఆర్థర్ మీ 1919 మార్చిలో మొదలుపెట్టిన ‘ది చిల్డ్రన్స్ న్యూస్‌పేపర్’ 1965 దాకా నడిచింది. పిల్లల కోసం బీబీసీ చదివే ‘న్యూస్‌రౌండ్’ వార్తలు 1972 నుంచి వస్తున్నాయి. నేను పుట్టి పెరిగిన చోట పిల్లలకు చందమామ ఇచ్చారు, వార్తలు పెద్దవాళ్ళ దగ్గర ఉంచుకున్నారు. ఇక్కడివాళ్ళు వార్తల్ని కూడా పిల్లల చేతికి ఇవ్వవచ్చని వందేళ్ళ క్రితమే అనుకున్నారు. ఏది మేలో నేను తీర్పు చెప్పను. రెండూ ఉంటే బాగుంటుందని మాత్రం అనుకుంటాను.

పత్రిక ఎంత బాగుందో చెప్పే ముందు, మొదటి ఏడాది దాన్ని నేను ఎలా పాడుచేశానో చెప్పాలి. ఇక్కడి బడుల్లో గైడెడ్ రీడింగ్ పేరుతో రోజూ కొంతసేపు చదువుకు కేటాయిస్తారు. ఇయర్ 6 చివరలో, మే నెలలో, పిల్లలు గంటసేపు మూడు పాఠ్యభాగాలు చదివి 50 మార్కులకు జవాబులు రాయాల్సిన జాతీయ పరీక్ష ఒకటి ఉండటంతో, ఆ సమయం మనకు తెలియకుండానే ఆ పరీక్షకు తర్ఫీదుగా మారిపోతుంది. నేనూ అదే చేశాను. ప్రతి వారం ఒక వార్త ఎంచుకుని, ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎన్ని అని ఎనిమిది ప్రశ్నల కాగితం తయారుచేసి, పత్రికతో పాటు పంచేదాన్ని. పిల్లలు చకచకా నింపేసేవారు. ఒకరోజు ఎనిమిదికి ఎనిమిదీ సరిగ్గా రాసిన పాపను దగ్గరికి పిలిచి, “ఇంతకీ ఆ వార్త దేని గురించి?” అని అడిగితే, ఆ పిల్ల నా వంక అయోమయంగా చూసి, “అది షీట్‌లో లేదు మిస్” అంది. ప్రశ్నలో అంకె కనిపిస్తే వార్తలో అంకె ఉన్న వాక్యాన్నీ, ప్రశ్నలో పేరు కనిపిస్తే వార్తలో పేరున్న వాక్యాన్నీ వెతికి దించడం తప్ప ఆ తరగతిలో ఎవరూ చదవడం లేదని నాకు అప్పటికి గాని అర్థం కాలేదు. ఆ పనికి పత్రిక ఎందుకు, ఏ పాత పాఠ్యపుస్తకమైనా సరిపోతుంది.

అంతకుముందు పనిచేసిన ఒక బడిలో ఇంకో రకం వృథా చూశాను. అక్కడ ప్రతి వారం వచ్చే కట్ట స్టాఫ్ రూములో విప్పకుండానే పడి ఉండేది, ఏడాది చివర్లో పెయింటింగ్ పాఠానికి బల్లల మీద పరిచేవారు. పత్రిక పాతబడటం ఎంత తేలికో చెప్పడానికి ఈ సంగతి ప్రస్తావించాను.

రెండో ఏడాది ప్రశ్నల కాగితాలు మానేశాను. పత్రిక వచ్చిన తర్వాతి మొదటి పూట, పావుగంటసేపు, ఏ పనీ చెప్పకుండా చేతికిచ్చి వదిలేస్తాను. ఐదుగురికి ఒక ప్రతి కాబట్టి విప్పితే పక్కవాడి పెన్సిళ్ళు కింద పడతాయి. అందుకని బల్లలు పక్కకు జరిపి నేల మీద పరుచుకోమంటాను. గమనిస్తే, సగం మంది చివరి పేజీ నుంచి మొదలుపెడతారు. మా నాన్నగారు క్రికెట్ స్కోరు చూశాకే మొదటి పేజీకి వచ్చేవారు, అదే అలవాటు ఎవరూ నేర్పకుండానే ఈ పిల్లలకూ వచ్చేసింది. కొందరు జంతువుల పేజీ దగ్గర ఆగిపోతారు. ఒకరు మోకాళ్ళ మీద వంగి బొమ్మ కింద ఉన్న సన్నటి అక్షరాలు చదువుతారు. ఆ పావుగంటలో “మిస్, ఇది చూశారా?” అని కనీసం నలుగురైనా పిలుస్తారు. తెరమీద అయితే ఎవరి వార్త వారిదే. నేల మీద పరిచిన కాగితం చుట్టూ మాత్రం మాట పుడుతుంది. ఈ ఒక్క కారణానికి నేను అచ్చుప్రతినే ఎంచుకుంటాను. బడులకు ఈ పత్రికవారిదే ఐ-హబ్ అనే ఆన్‌లైన్ సదుపాయం కూడా ఉంది, హోంవర్కుకు అది అనుకూలం. దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

ఈ పత్రిక నిజంగా ఎందుకు పనికొస్తుందో నాకు తెలిసింది శనివారం తెలుగు తరగతిలో. మన భాషలో ‘అట’ అనే చిన్న మాట ఉంది. ‘వంతెన కూలింది’ అంటే చెప్పేవాడు పూచీ పడుతున్నాడు. ‘వంతెన కూలిందట’ అంటే విన్నది చెబుతున్నాడు, పూచీ వేరేవాళ్ళది. ఈ తేడా మన ఇళ్ళలో మాటలు నేర్చిన ప్రతి పిల్లకూ తెలుసు. ఇంగ్లీషులో ఇదే పని చేయాలంటే ‘రిపోర్టెడ్‌లీ’ లాంటి బరువైన మాట కావాలి, లేదా ఫలానావారు చెప్పారని వాక్యాన్ని సాగదీయాలి. ఒక శనివారం జూలో పుట్టిన పెంగ్విన్ పిల్ల గురించిన చిన్న వార్త తీసుకుని, దాన్ని తెలుగులో చెప్పమనీ, ఎక్కడ అవసరమో అక్కడే ‘అట’ వాడమనీ అడిగాను. పిల్ల పుట్టింది అన్నారు, ఫొటో ఉంది కాబట్టి ‘అట’ అక్కర్లేదన్నారు. తల్లి సంతోషంగా ఉందట అన్నారు, ఎందుకంటే ఆ మాట అన్నది జూ ఉద్యోగి. ఈ జాతి పెంగ్విన్లు తగ్గిపోతున్నాయి అనే వాక్యం దగ్గర గొడవ మొదలైంది: లెక్కపెట్టింది ఎవరు, పత్రికవాళ్ళు వెళ్ళి లెక్కపెట్టలేదు కదా. ఇంతలో వెనక కూర్చున్న పదేళ్ళ అబ్బాయి ఫొటో అంచున నిలువుగా అచ్చువేసిన సన్నటి అక్షరాలు చదివి, “ఫొటో ఇచ్చింది కూడా జూవాళ్ళేనండీ, అయితే పుట్టిందట అనాలి” అన్నాడు. పదిహేనేళ్ళుగా పత్రికలు చదువుతున్న నేను ఆ అక్షరాలను అంతవరకు ఒక్కసారి కూడా అంత పట్టింపుగా చదవలేదు.

సోమవారం అదే పనిని ఇంగ్లీషు తరగతికి తెచ్చాను. ‘అట’ లేని భాషలో దానికి గుర్తు కావాలి కాబట్టి, రాసినవారు స్వయంగా చూసి చెప్పిన వాక్యం మీద పెన్సిలుతో చిన్న కన్ను, ఇతరులు చెప్పగా రాసిన వాక్యం మీద చిన్న చెవి గీయమన్నాను. ఎవరు చెప్పారో ఆనవాలే లేని వాక్యానికి ప్రశ్నార్థకం. పావుగంటలో పత్రికంతా చెవులతో నిండిపోయింది. కన్ను కోసం వెతికి వెతికి చివరికి ఒక ఇంటర్వ్యూలోనూ, ఆటల పేజీలో ఒక మ్యాచ్ కథనంలోనూ పట్టుకున్నారు. చిన్న వార్తల్లో ప్రశ్నార్థకాలు ఎక్కువ, పెద్ద కథనాల్లో తక్కువ అని వాళ్ళే లెక్కతేల్చారు. నాలుగు వాక్యాల వార్తలో ఆధారం చెప్పడానికి ఏ పత్రికకైనా చోటు ఉండదన్నది నిజమే. ఆ నిజం పిల్లలు తమంతట తాము కనుక్కోవడం నాకు నచ్చింది. ఇక్కడి జాతీయ పాఠ్యప్రణాళిక ఇయర్ 5, 6 పిల్లలు వాస్తవాన్నీ అభిప్రాయాన్నీ వేరుచేసి గుర్తించగలగాలని చెబుతుంది. మంచిదే, కానీ వార్తల విషయంలో ఆ రెండు అరలూ సరిపోవు. ‘ఆహారధరలు పెరిగాయి’ అనేది అభిప్రాయం కాదు, అలాగని రాసినవారు బజారుకు వెళ్ళి చూసిందీ కాదు. మధ్యలో ఎవరో చెప్పారు. ఆ ఎవరో ఎవరన్నదే అసలు ప్రశ్న.

ఈ సందర్భంలో తరచు వినిపించే ఒక అంకె ఉంది. నేషనల్ లిటరసీ ట్రస్ట్, అక్షరాస్యతపై పనిచేసే పార్లమెంటు సభ్యుల బృందం కలిసి నడిపిన కమిషన్ 2018 జూన్‌లో నివేదిక ఇస్తూ, ఒక వార్త నిజమో నకిలీయో తేల్చుకోవడానికి కావలసిన నైపుణ్యాలు ఈ దేశపు పిల్లల్లో 2 శాతం మందికే ఉన్నాయని చెప్పింది. ఆ కమిషన్‌కు సహకరించిన సంస్థల్లో ఫేస్‌బుక్‌తో పాటు ఫస్ట్ న్యూస్ కూడా ఉంది. మందు అమ్మేవారు రోగుల లెక్కలో పాలుపంచుకున్నారు కాబట్టి లెక్క తప్పని నేను అనను. చెవి గీసుకుని చదవవలసిన వాక్యాల్లో అది కూడా ఒకటి అంటాను, అంతే.

ఇక కష్టం గురించి. ఏడు నుంచి పద్నాలుగేళ్ళు అంటే బాల్యంలో సగం. ఒకే వాక్యం ఆ రెండు చివర్లకూ అందడం ఎవరు రాసినా అసాధ్యం. మా బడిలో ఇయర్ 3 తరగతికి కూడా కొన్ని ప్రతులు ఇచ్చి చూశాం. బొమ్మలు చూశారు, పజిళ్ళు చేశారు, మూడు వారాలకు అక్కడి ఉపాధ్యాయురాలు మర్యాదగా వెనక్కి పంపింది. ఇయర్ 5లో సైతం ‘ఇన్‌ఫ్లేషన్’ లాంటి మాట వస్తే సగం తరగతి దాన్ని దాటేసి పోతుంది. ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలకు ఇంకా కష్టం, అలాంటివాళ్ళు నా తరగతిలో తొమ్మిది మంది.

దీనికి నాకు దొరికిన ఉపాయం మా తాతయ్య నుంచి వచ్చింది. కళ్ళజోడు కనబడకపోయినప్పుడల్లా ఆయనకు పేపరు చదివి వినిపించే పని నాదే. కళ్ళజోడు నిజంగా పోయేదా అన్న అనుమానం నాకు పెద్దయ్యాక వచ్చింది. నేను ‘ద్రవ్యోల్బణం’ దగ్గర ఆగిపోతే, ద్రవ్యం ఒక ముక్క, ఉల్బణం ఒక ముక్క అని విడదీసి, కిందటేడు కందిపప్పు ధర ఎంతుందో అమ్మమ్మను అడిగి రమ్మనేవారు. అందుకని మా తరగతిలో ఇప్పుడు ‘కళ్ళజోడు పోయిన తాత’ అనే ఆట ఉంది. ఇద్దరిలో ఒకరు పత్రిక వంక చూడకూడదు, రెండోవారు చదివి వినిపించాలి. వినేవారికి అర్థం కాని ప్రతి చోటా ఆపి అడిగే హక్కు ఉంటుంది. చదివేవారు చెప్పలేకపోతే ఇద్దరూ కలిసి నిఘంటువు దగ్గరికి వెళ్తారు. బిగ్గరగా చదవడానికి సిగ్గుపడే పిల్లలు కూడా తాత కోసమైతే చదువుతారు. ఇయర్ 6 పిల్లలను తెచ్చి ఇయర్ 4 పిల్లలతో జతకలిపితే ఇంకా బాగా నడుస్తుంది.

పత్రికలో ప్రకటనలు ఉంటాయి, బహుమతుల పోటీలు ఉంటాయి. వాటిని చూసి ముఖం చిట్లించే సహోద్యోగులు నాకు ఉన్నారు. నేను మాత్రం వాటిని వదులుకోను. ఏది వార్త, ఏది డబ్బిచ్చి వేయించుకున్నది అని పేజీ పేజీకీ వేలు పెట్టి చూపించడం ఈ వయసు పిల్లలకు మంచి వ్యాయామం. కొత్త సినిమా గురించిన రాత వార్తా, ప్రకటనా అని రెండు గుంపులు వాదించుకుంటే నేను చేతులు కట్టుకుని విన్నాను.

యుద్ధాల వార్తలూ వస్తాయి. పత్రిక వాటిని జాగ్రత్తగా, భయపెట్టకుండా రాస్తుంది, అయినా ముందుగా చదవకుండా పంచడం తప్పు. నా తరగతిలో అలాంటి దేశం నుంచి వచ్చిన పాప ఒకామె ఉంది. ఆ పేజీ తీసేయను. ముందురోజు సాయంత్రం ఆమెకూ తల్లికీ ఇలాంటి వార్త ఉందని చెబుతాను, ఆ పూట లైబ్రరీలో కూర్చునే వీలు కల్పిస్తాను. ఇంతవరకు ఆ పాప ఒక్కసారే లైబ్రరీకి వెళ్ళింది. రాజకీయాల విషయంలో ఇక్కడ చట్టమే గీత గీసింది: 1996 విద్యా చట్టం 406, 407 సెక్షన్ల ప్రకారం బడిలో ఒక పక్షాన్ని నెత్తికెత్తుకోకూడదు, వివాదాస్పద విషయాన్ని సమతూకంగా పరిచయం చేయాలి. 2024 జులై 4 నాటి ఎన్నికల వారంలో “మిస్, మీరు ఎవరికి వేశారు?” అని అడిగితే, నేను భారత పౌరురాలినైనా ఇక్కడ నివసిస్తున్న కామన్‌వెల్త్ దేశస్థురాలిగా నాకు ఓటు ఉందన్నంతవరకే చెప్పాను. దానికే తరగతి సగం గంట మాట్లాడుకుంది.

2015లో మొదలైన ‘ది వీక్ జూనియర్’ తెప్పించకూడదా అని కొందరు అడుగుతారు. అది పట్టుకోవడానికి వీలుగా, అందంగా ఉండే మ్యాగజీన్. ఇంట్లో ఒక్క పిల్ల ఒంటరిగా చదువుకోవడానికి బహుశా అదే మేలు. నేల మీద పరిచి ఐదుగురు చుట్టూ చేరడానికి పత్రికే కావాలి.

ఇప్పుడు అక్కడి స్నేహితుల ప్రశ్న. మన దినపత్రికల్లో పిల్లల పేజీ లేకపోలేదు; ఈనాడు ‘హాయ్ బుజ్జీ’లో కథలు, పజిళ్ళు, జోకులు, పిల్లలు గీసి పంపిన బొమ్మలు ఎన్నో తరగతి గోడల మీదికి ఎక్కాయి. చదవడంలో రుచి పుట్టించడానికి అవి చాలా మంచివి. నేను చెబుతున్న కన్ను, చెవి పనికి మాత్రం వార్త కావాలి, అందుకు జిల్లా పేజీని మించింది లేదు. ప్రకాశం జిల్లాలో మండల పరిషత్ ప్రాథమిక పాఠశాలలో పనిచేసే స్నేహితురాలు నా మాట విని ఐదో తరగతితో ఇది మొదలుపెట్టింది. తమ మండలంలో చెరువు కట్టకు మరమ్మతులు పూర్తయ్యాయన్న వార్త వచ్చిన రోజు, బడికి వచ్చే దారిలో ఆ కట్ట మీదుగానే నడిచివచ్చే పిల్లలు ముగ్గురు లేచి, తూముకు అవతలివైపు ఇంకా మట్టి పోస్తూనే ఉన్నారని చెప్పారట. లండన్ వార్త చదివే నా పిల్లలకు ఆ అవకాశం లేదు. స్వయంగా చూసి కన్ను గీసే హక్కు సొంత ఊరి వార్తలోనే ఉంటుంది.

ఆమెకు వచ్చిన ఇబ్బందులు కూడా చెప్పాలి. అక్షరాలు సన్నం, ఇరుకు కాలమ్‌లో ఒత్తులు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. శంకుస్థాపన, లబ్ధిదారులు, అర్జీలు అనే మాటలు లేకుండా వార్త నడవదు. వాటిని ముందే నల్లబల్ల మీద రాసి పెట్టుకుంటోంది. హత్యలు, ఆత్మహత్యలు, అంతకంటే చెప్పుకోలేనివి అదే పేజీలో పక్కపక్కనే ఉంటాయి కాబట్టి ప్రతి ఉదయం ఇంటి దగ్గరే కత్తెర పట్టుకుని కూర్చుని, వాడదగిన ముక్కలు మాత్రం కత్తిరించి అట్టకు అంటించి తీసుకెళ్తోంది. అరగంట పడుతుందంది. ఇక్కడ మేం చందా కట్టేది చాలామటుకు ఆ కత్తెర పనికే అని అప్పుడు తెలిసింది.

వచ్చే సెప్టెంబరు నుంచి ఇయర్ 3 ప్రతులు మానేసి, ఇయర్ 5కు ఆరు, ఇయర్ 6కు ఆరు తెప్పించమని హెడ్ టీచర్‌కు రాసిచ్చాను. ఇంటికి తెప్పించమంటారా అని అడిగిన తల్లిదండ్రులు, పిల్లకు తొమ్మిది నిండితే తెప్పించండి, అంతకు ముందైతే వద్దు. తెప్పించాక ప్రశ్నలు వేసి పరీక్ష పెట్టకండి. మీరు వంటింట్లో దోసెలు వేస్తున్నప్పుడు గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, ఏదో ఒక వార్త చదివి తెలుగులో చెప్పమనండి, పెనం మీద నుంచి కళ్ళు తిప్పకుండానే మధ్యమధ్యలో “ఎవరన్నారట?” అని అడుగుతూ ఉండండి.